ఈ మాటకు ఉల్లేఖకుడెవరు?

మాట అల్లాహ్ మానవునికి ప్రసాదించిన మహత్తర వరాలలో ఒకటి. దివ్యఖుర్ఆన్‌లోని అర్‌రహ్మాన్ సూరా ప్రారంభంలో మానవుణ్ణి సృష్టించిన ప్రస్తావన రాగానే, ఆ వెంటనే అతనికి మాట్లాడటం, భావాన్ని వ్యక్తపరచటం నేర్పిన ప్రస్తావన వస్తుంది. అంటే మనిషిని మనిషిగా నిలబెట్టే గుణాలలో మాటకు ప్రథమ స్థానం ఉందన్నమాట. వరం ఎంత గొప్పదైతే దాని గురించి జరిగే విచారణ కూడా అంత కఠినంగా ఉంటుంది. మనిషి నోట వెలువడే ఏ పలుకూ నమోదు కాకుండా పోదని ఖాఫ్ సూరా మనల్ని హెచ్చరిస్తోంది.

ఈ విషయం మనకు తెలియనిది కాదు. మన ఇళ్ళలో పిల్లలకు చిన్నప్పుడే కిరామన్ కాతిబీన్ గురించి చెబుతాం. అయితే గత పాతికేళ్ళలో మాట రూపం మారిపోయింది. పూర్వం ఒక విషయం నలుగురికీ చేరాలంటే ఒక రచయిత, ఒక సంపాదకుడు, ఒక ముద్రణాలయం ఉండాలి. పొరపాటు జరిగితే నిలదీయటానికి ఒక చిరునామా ఉండేది. నేడు ప్రతివాని జేబులోనూ ఒక ముద్రణాలయం ఉంది. రాసేదీ మనమే, అచ్చు వేసేదీ మనమే, పంచేదీ మనమే, చదివేదీ మనమే. 2001 జనవరి 15న వికీపీడియా ప్రారంభమయింది. ఎవరైనా రాయవచ్చు, ఎవరైనా దిద్దవచ్చు అన్నది దాని నియమం. 2003 డిసెంబరులో తెలుగులోనూ అది మొదలయింది. 2005లో యూట్యూబ్, 2009లో వాట్సాప్ వచ్చాయి. 2006 సంవత్సరాంతంలో అమెరికాకు చెందిన టైమ్ పత్రిక ఆ ఏటి విశిష్ట వ్యక్తిగా ఏ నాయకుణ్ణీ ఎన్నుకోలేదు. ‘మీరు’ అని ప్రకటించింది. అంటే ఇంటర్నెట్‌లో రాస్తున్న సామాన్య మానవుడే ఆ ఏటి విశిష్ట వ్యక్తి అని దాని భావం.

మరి సామాన్య మానవులందరూ కలిసి రాస్తున్న ఈ రాతలకు అర్థమేమిటి? రాసినవాడెవరో తెలియనప్పుడు ఆ మాటకు విలువ ఎక్కడి నుంచి వస్తుంది? దాన్ని మరొకరికి పంపినవాడు బాధ్యుడా, కాడా? ఇవి కేవలం సాంకేతిక ప్రశ్నలు కావు. ఇవి ఈమాన్‌కు, నడవడికి, పరలోకంలో ఇవ్వవలసిన జవాబుకు సంబంధించిన ప్రశ్నలు.

రెండు విపరీత ధోరణులు

ఈ విషయంలో జనం రెండు వర్గాలుగా చీలిపోయారు. ఒక వర్గం వారికి తెర మీద కనిపించిందల్లా నిజమే. “నెట్‌లో ఉంది, వీడియోలో చూశాను” అంటే వారి దృష్టిలో వాదన ముగిసిపోయినట్లే. రెండో వర్గం వారు దీనికి పూర్తిగా విరుద్ధం. “ఎవడు పడితే వాడు రాసేదానికి విలువేమిటి? అంతా చెత్త” అని కొట్టిపారేస్తారు.

2005వ సంవత్సరంలోనే జరిగిన రెండు సంఘటనలు ఈ రెండు వర్గాలకూ జవాబు చెబుతాయి. ఆ ఏడాది మే నెలలో అమెరికాకు చెందిన ప్రముఖ పాత్రికేయుడు జాన్ సీగెంథలర్ గురించి వికీపీడియాలో ఎవరో ఒక అసత్య వ్యాసం రాశారు. కెనెడీ సోదరుల హత్యలలో ఆయన పాత్ర ఉన్నట్లు అనుమానాలుండేవని అందులో ఉంది. నిజానికి ఆయన రాబర్ట్ కెనెడీ వద్ద సహాయకునిగా పనిచేసిన వ్యక్తి. ఆ నింద నాలుగు నెలలకు పైగా అలాగే ఉండిపోయింది. చివరికి ఆయనే యూఎస్ఏ టుడే పత్రికలో తన ఆవేదనను వెళ్ళబోసుకున్నారు. అది రాసిన మనిషి తర్వాత బయటపడి, తోటి ఉద్యోగిని ఆటపట్టించటానికి సరదాగా రాశానని చెప్పుకున్నాడు. ఒకని సరదా, మరొకని గౌరవం!

అదే ఏడాది డిసెంబరులో నేచర్ అనే శాస్త్ర పత్రిక మరో విషయం ప్రచురించింది. వైజ్ఞానిక అంశాలపై వికీపీడియా వ్యాసాలనూ, ఎంతో పేరున్న బ్రిటానికా విజ్ఞాన సర్వస్వంలోని వ్యాసాలనూ పక్కపక్కన పెట్టి, నిపుణులచేత 42 జతలను పరిశీలింపజేసింది. ఒక్కో వ్యాసంలో సగటున వికీపీడియాలో నాలుగు, బ్రిటానికాలో మూడు పొరపాట్లు కనిపించాయని తేలింది. బ్రిటానికా వారు ఈ పరిశీలన పద్ధతిని తీవ్రంగా ఆక్షేపించారు. ఏదేమైనా, సామాన్యులు రాసింది కాబట్టి అంతా చెత్తే అన్న మాట నిలబడలేదు. పేరున్నవారు రాసింది కాబట్టి దోషరహితం అన్న మాటా నిలబడలేదు.

కనుక అసలు ప్రశ్న, రాసినవాడు సామాన్యుడా, గొప్పవాడా అన్నది కాదు. ఆ మాట ఎక్కడి నుంచి వచ్చింది, ఎవరి ద్వారా వచ్చింది, వారు నమ్మదగినవారేనా అన్నదే అసలు ప్రశ్న. ఈ ప్రశ్న ముస్లిం సమాజానికి కొత్తది కాదు. మన పెద్దలు ఈ ప్రశ్న మీదనే ఒక మహాశాస్త్రాన్ని నిర్మించారు.

పేర్లు అడిగే సంప్రదాయం

తాబయీన్‌లలో ప్రసిద్ధులైన ఇమామ్ ఇబ్నె సీరీన్ (రహ్మ) హిజ్రీ 110లో మరణించారు. ఆయన చెప్పిన ఒక విషయాన్ని ఇమామ్ ముస్లిం (రహ్మ) తన గ్రంథం ఉపోద్ఘాతంలో ఉల్లేఖించారు. దాని సారాంశం ఇది: మొదట్లో జనం ఇస్నాద్, అంటే ఉల్లేఖకుల పరంపర గురించి అడిగేవారు కాదు, ఫిత్నా తలెత్తిన తర్వాత మాత్రం, మీకు చెప్పిన వారి పేర్లు చెప్పండి అని అడగటం మొదలుపెట్టారు. పరస్పర విశ్వాసం ఉన్న చిన్న సమాజంలో పేర్లు అడగవలసిన అవసరం రాలేదు. సమాజం పెరిగి, వర్గాలు ఏర్పడి, ఎవరి ప్రయోజనం కోసం వారు మాటలు పుట్టించటం మొదలైనప్పుడు పేర్లు అడగటం ధర్మంలో భాగమయింది.

మన కాలం కూడా అటువంటిదే. పల్లెలో అరుగు మీద కూర్చున్న పదిమంది మధ్య ఒక మాట పుడితే, ఎవరు అన్నారో అందరికీ తెలుస్తుంది. వెయ్యి మంది ఉన్న గ్రూపులోకి ఎక్కడి నుంచో వచ్చిపడిన మాటకు తల్లీదండ్రీ ఉండరు. హదీసు వేత్తల పరిభాషలో చెప్పాలంటే దాని ఉల్లేఖకుడు ‘మజ్హూల్’, అంటే ఎవరో తెలియనివాడు. మజ్హూల్ చెప్పిన మాట తప్పక అబద్ధమే అని వారు అనలేదు. కాని అతనెవరో తేలేవరకు దాన్ని ప్రమాణంగా స్వీకరించలేదు. ఈ తేడాను మనం గుర్తించాలి. నమ్మకపోవటం వేరు, అబద్ధమని ముద్ర వేయటం వేరు. తెలియనిదాన్ని తెలియనిదిగానే ఉంచటం కూడా ఒక విజ్ఞతే.

ఉల్లేఖకునిలో వారు రెండు గుణాలు చూశారు. ఒకటి ‘అదాలత్’ - అతను నీతిమంతుడా, అబద్ధమాడే అలవాటు ఉందా అన్నది. రెండోది ‘జబ్త్’ - విన్నదాన్ని విన్నట్లు గుర్తుపెట్టుకుని, కలపకుండా, తగ్గించకుండా చెప్పగలడా అన్నది. మొదటిది ఉండి రెండోది లేకపోతే వారు అంగీకరించలేదు. ఇమామ్ మాలిక్ (రహ్మ) గురించి ఒక విషయం ప్రసిద్ధం. ఆయన మస్జిదె నబవీ స్తంభాల వద్ద కూర్చుని హదీసులు చెప్పే ఎందరో పుణ్యపురుషులను చూశారు. వారిలో ఎవరికైనా ప్రభుత్వ ఖజానా అప్పగించినా పైసా తేడా రాదన్నంత నమ్మకం ఆయనకుంది. అయినా వారి నుంచి హదీసు తీసుకోలేదు. ఎందుకంటే వారు ఆ విద్యకు చెందినవారు కారు.

నేడు మన ఇళ్ళలో ఎక్కువగా వినిపించే మాట, “ఆయన నమాజీ, హాజీ, ఆయనెందుకు అబద్ధం చెబుతాడు?” అన్నది. నిజమే, ఆయన అబద్ధం చెప్పడు. కాని ఆయనకు వచ్చిన మాట నిజమో కాదో ఆయనకే తెలియదు. ఆయన దైవభీతి మీద మనకున్న గౌరవం ఆ వార్తకు సాక్ష్యం కాదు.

అదే సమయంలో మన పెద్దలు హోదాను చూడలేదన్నది కూడా గమనించాలి. నాఫె (రహ్మ) హజ్రత్ ఇబ్నె ఉమర్ (రజి) విముక్తి కలిగించిన బానిస. అయినా ఇమామ్ మాలిక్, నాఫె, ఇబ్నె ఉమర్‌ల పరంపరను ఇమామ్ బుఖారీ (రహ్మ) అన్నిటికంటే ప్రామాణికమైనదిగా పరిగణించారు. దాన్నే బంగారు గొలుసు అని పిలుస్తారు. హజ్రత్ ఆయిషా (రజి) నుంచి రెండు వేలకు పైగా హదీసులు మనకు చేరాయి. స్త్రీలు, విముక్తులైన బానిసలు, వ్యాపారులు, చేతివృత్తుల వారు ఈ విద్యను మోశారు. కాబట్టి సామాన్యుడు రాయకూడదన్నది ఇస్లామీ దృక్పథం కానే కాదు. సామాన్యుడు రాయవచ్చు, కాని రాసినదానికి జవాబుదారీగా ఉండాలి.

సంఖ్య చూసి మోసపోవటం

మనిషి మనసుకు ఒక బలహీనత ఉంది. ఒకే మాట పదిచోట్ల కనిపిస్తే అది నిజమని నమ్ముతుంది. “పది గ్రూపుల్లో వచ్చింది, అందరూ పెడుతున్నారు, అబద్ధమెలా అవుతుంది?” అంటుంది. ఇక్కడ హదీసు వేత్తలు చేసిన ఒక విభజన మనకు ఎంతో ఉపయోగపడుతుంది.

‘ముతవాతిర్’ అంటే, ప్రతి తరంలోనూ ఎంతోమంది ఉల్లేఖించిన వార్త. వారంతా కూడబలుక్కుని అబద్ధమాడటం అసాధ్యమనిపించేంత సంఖ్య ఉండాలి. కాని సంఖ్య ఒక్కటే చాలదు. ఆ సంఖ్య పరంపర మొదట్లోనూ ఉండాలి, మధ్యలోనూ ఉండాలి, చివరా ఉండాలి. అంతేకాదు, మొదటివారు దాన్ని స్వయంగా కంటితో చూసి గాని, చెవితో విని గాని ఉండాలి. ఊహించి చెప్పినది లక్షమంది చెప్పినా ముతవాతిర్ కాదు. మొదట ఒక్కడే చెప్పి, తర్వాత వెయ్యిమంది పంచితే అది వెయ్యిమంది సాక్ష్యం కాదు, ఒక్కని సాక్ష్యమే.

దీనికి మన కాలపు ఉదాహరణ ఒకటి చూడండి. దక్షిణ అమెరికాలో కోటీ అనే చిన్న జంతువు ఉంది. 2008లో అమెరికా విద్యార్థి ఒకడు వికీపీడియాలో దానికి ‘బ్రెజిలియన్ ఆర్డ్‌వార్క్’ అనే మారుపేరు సరదాగా చేర్చాడు. అటువంటి పేరు అంతకుముందు లేదు. కొన్నేళ్ళలో ఆ పేరు కొన్ని బ్రిటిష్ పత్రికలలోకి, ఒక విశ్వవిద్యాలయ ముద్రణాలయం ప్రచురించిన పుస్తకంలోకి కూడా ఎక్కింది. ఆ తర్వాత వికీపీడియాలో ఆ పేరుకు ఆధారంగా పత్రికలనే చూపించారు! వికీపీడియాను చూసి పత్రిక రాసింది, పత్రికను చూసి వికీపీడియా బలపడింది. పైకి నాలుగు సాక్ష్యాలు. లోపలికి వెళితే ఒక్క విద్యార్థి సరదా. 2014లో న్యూయార్కర్ పత్రిక ఈ విషయాన్ని బయటపెట్టింది.

జంతువు పేరు కాబట్టి నవ్వి ఊరుకోవచ్చు. మనుషుల ప్రాణాలైతే? 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న వదంతి దేశమంతటా ఫోన్లలో పాకింది. జూలై 1న మహారాష్ట్రలోని ధూలే జిల్లా రైన్‌పాడాలో సంచార జాతికి చెందిన ఐదుగురిని జనం కొట్టి చంపారు. ఆ నెల 13న హైదరాబాదు నుంచి కర్ణాటకలోని బీదర్ జిల్లాకు వెళ్ళిన కొందరు స్నేహితులు దారిలో బడిపిల్లలకు చాక్లెట్లు ఇచ్చారు. అంతే, వారిని పిల్లల దొంగలని అనుమానించారు. భయపడి వారు కారులో వెళ్ళిపోతుండగా, ఆ సమాచారం ముర్కి గ్రామానికి వారికంటే ముందే ఫోన్ల ద్వారా చేరిపోయింది. దారికి అడ్డం వేసి, గుంపుగా దాడి చేశారు. హైదరాబాదుకు చెందిన ఒక యువకుడు ప్రాణాలు కోల్పోయాడు. అతని మిత్రులు తీవ్రంగా గాయపడ్డారు. పిల్లలకు మిఠాయి పంచటం మన నబీ (సల్లం) ఉమ్మత్‌లో ప్రేమకు గుర్తు. ఆ చేయి దొంగ చేయిగా మారటానికి ఒక్క ఆధారం లేని మాట చాలింది.

ఆ గుంపులో ఎవరైనా పిల్లవాణ్ణి ఎత్తుకుపోవటం కళ్ళారా చూశారా? ఒక్కరూ చూడలేదు. అందరూ విన్నారు, ఫోనులో చూశారు. హుజురాత్ సూరా ఆరో ఆయతులో, నమ్మదగని వ్యక్తి ఏదైనా వార్త తెస్తే నిజానిజాలు విచారించమని అల్లాహ్ ఆదేశించాడు. కారణం కూడా అక్కడే చెప్పాడు: తెలియక ఒక జాతికి నష్టం కలిగించి, ఆ తర్వాత చేసిన పనికి పశ్చాత్తాపపడవలసి వస్తుందని. ముర్కి రోడ్డు మీద జరిగింది అక్షరాలా అదే.

‘దరోగ్ బర్ గర్దనె రావీ’

ఉర్దూ మాట్లాడే మన ఇళ్ళలో ఒక నానుడి ఉంది: దరోగ్ బర్ గర్దనె రావీ. అబద్ధమైతే ఆ పాపం చెప్పినవాని మెడ మీదే అని దాని అర్థం. నమ్మకం లేని విషయం చెప్పేటప్పుడు పెద్దలు ఈ మాట అంటారు. నేడు దానికే కొత్త రూపం వచ్చింది: “వచ్చింది వచ్చినట్లు పంపాను.” ఈ ఒక్క వాక్యంతో తాము బాధ్యత నుంచి బయటపడ్డామని చాలామంది అనుకుంటున్నారు.

కాని ఒక్క క్షణం ఆలోచించండి. రావీ అంటే ఎవరు? విన్నదాన్ని మరొకరికి చేరవేసేవాడే రావీ. అంటే పంపిన ఆ క్షణంలో మనమే రావీ అయిపోయాం. మొదటివాని మెడ మీద ఉన్న భారం అక్కడే ఉంది, అది తగ్గలేదు. పైగా మన మెడ మీదికి మరొకటి వచ్చి చేరింది. విన్నదల్లా చెబుతూ పోవటమే మనిషి అబద్ధాలకోరు కావటానికి చాలునని దైవప్రవక్త (సల్లం) హెచ్చరించిన విషయం సహీహ్ ముస్లిం ఉపోద్ఘాతంలో ఉంది. గమనించండి, ఇక్కడ అబద్ధం సృష్టించినవాని గురించి కాదు చెప్పింది. విన్నదాన్ని చెప్పినవాని గురించి. అలాగే, అబద్ధమని తెలిసీ ఒక మాటను ప్రవక్త పేర ఉల్లేఖించేవాడు కూడా అబద్ధాలకోరులలో ఒకడేనని అక్కడే మరో హదీసు ఉంది.

ఉమ్ముల్ మోమినీన్ హజ్రత్ ఆయిషా (రజి)పై మదీనాలో కపటులు వేసిన నింద గురించి నూర్ సూరాలో సవివరంగా ఉంది. నింద పుట్టించినవాడు వేరు. కాని అక్కడ మందలింపు అతనితో ఆగలేదు. ఆ మాటను నాలుకల మీదుగా ఒకరి నుంచి ఒకరు అందుకుని, తమకు తెలియనిదాన్ని పలికి, దాన్ని తేలికపాటి విషయమనుకున్న వారిని కూడా అల్లాహ్ మందలించాడు. వారు తేలిక అనుకున్నది ఆయన వద్ద ఎంతో బరువైనది. ఫోను మీద వేలితో ఒకసారి తాకటం కంటే తేలికైన పని మరొకటి ఉందా? ఆ తేలికదనమే మనల్ని మోసం చేస్తోంది.

ఆ రోజుల్లోనే మరొక ఇంటి ఉదంతం కూడా సీరత్ గ్రంథాలలో ఉంది. హజ్రత్ అబూ అయ్యూబ్ అన్సారీ (రజి)తో ఆయన భార్య ఆ పుకారు ప్రస్తావించారు. ఆయన ఆమెను, నువ్వైతే అటువంటి పని చేస్తావా అని అడిగారు. చేయనని ఆమె అన్నారు. అలాంటప్పుడు నీకంటే ఉత్తమురాలైన ఆయిషా ఎలా చేస్తారని ఆయన అన్నారు. ఆ మాట ఆ ఇంటి గడప దాటలేదు. భార్యాభర్తల మధ్య జరిగిన రెండు మాటల సంభాషణతో ఒక పుకారు చచ్చిపోయింది. ప్రతి ముస్లిం గృహం ఇలాగే ఉంటే ఎంత బాగుంటుంది!

సదుద్దేశం సాకు కాదు

“మంచి మాటే కదా, పుణ్యం వస్తుందని పంపాను” అనేవారూ ఉన్నారు. ఫలానా దుఆ పదకొండు మందికి పంపితే శుభవార్త వస్తుంది, పంపకపోతే నష్టం జరుగుతుంది అన్న సందేశాలు, ఏ గ్రంథంలోనూ లేని ‘హదీసులు’ మన ఫోన్లలో నిత్యం తిరుగుతున్నాయి.

ఇది కూడా పాత వ్యాధే. నూహ్ బిన్ అబీ మర్యమ్ అనే వ్యక్తి గురించి హదీసు శాస్త్ర గ్రంథాలు పేర్కొంటాయి. అతను ఖుర్ఆన్‌లోని ఒక్కొక్క సూరా విశిష్టత గురించి హదీసులు కల్పించాడు. ఎందుకని అడిగితే, జనం ఖుర్ఆన్‌ను వదిలి ఇతర విద్యలలో మునిగిపోతున్నారు, వారిని మళ్ళించాలని పుణ్యం కోసమే కల్పించానన్నాడట. హదీసు వేత్తలు అతని ఉద్దేశాన్ని చూసి క్షమించారా? లేదు. అతని పేరును కల్పితకారుల జాబితాలోనే రాశారు. హిజ్రీ 597లో మరణించిన ఇబ్నె జౌజీ (రహ్మ) ఇటువంటి కల్పిత ఉల్లేఖనాలను ఏరి, వాటి కోసమే ఒక ప్రత్యేక గ్రంథం రచించారు. సత్యధర్మానికి అసత్యపు ఊతకర్ర అవసరం లేదు. ఒకనాడు ఆ కర్ర విరిగినప్పుడు, దాన్ని నమ్మినవాడు ధర్మాన్నే అనుమానిస్తాడు.

తూకం ఒక్కటే ఉండాలి

ఇక్కడ మరో ముఖ్యమైన విషయం. 2020 మార్చి చివర కరోనా భయం కమ్ముకున్న రోజుల్లో తబ్లీగ్ జమాఅత్ పేరుతో ముస్లిములందరినీ దోషులుగా నిలబెట్టారు. ఎప్పటివో, ఎక్కడివో వీడియోలు తెచ్చి, ఇవి ముస్లిములు వ్యాధిని అంటిస్తున్న దృశ్యాలని ప్రచారం చేశారు. పండ్లు, కూరగాయలు అమ్ముకునే పేదలు ఆ ప్రచారం వల్ల బాధపడ్డారు. ఆ ఏడాది ఆగస్టు 21న బొంబాయి హైకోర్టు ఔరంగాబాదు ధర్మాసనం జమాఅత్‌కు వచ్చిన 29 మంది విదేశీయులపై పెట్టిన కేసులను కొట్టివేస్తూ, వారిపై జరిగిన ప్రచారాన్ని తప్పుబట్టింది. కాని కోర్టు తీర్పు చదివినవారెందరు, ఆ వీడియోలు చూసినవారెందరు?

ఆ బాధ మనం అనుభవించాం. అయితే ఆ బాధ మనకు ఏమి నేర్పింది? ఇతర మతస్థుల గురించి, మరో పార్టీ గురించి, మన సమాజంలోనే మరో మస్లక్ వారి గురించి ఒక వీడియో వచ్చినప్పుడు మనం ఏం చేస్తున్నాం? మన మీద వచ్చినదానికి వంద ఆధారాలు అడుగుతాం. మనకు నచ్చని వారి మీద వచ్చినదాన్ని ఒక్క ఆధారం లేకుండా పంచుతాం. ఒక జాతిపై ఉన్న ద్వేషం మిమ్మల్ని న్యాయం తప్పేలా చేయరాదన్న మాయిదా సూరాలోని ఆదేశం ఇటువంటి సందర్భాల కోసమే. కొనేటప్పుడు ఒక తూకం, అమ్మేటప్పుడు ఒక తూకం వాడేవారికి ముతఫ్ఫిఫీన్ సూరాలో ఎంతటి హెచ్చరిక ఉందో మనకు తెలుసు. మాటల బజారులో కూడా తూకం ఉంటుంది.

అడగటం అవమానం కాదు

మన కుటుంబాలలో ఒక ఇబ్బంది ఉంది. మామూజానో, పెద్దనాన్నో గ్రూపులో ఏదైనా పెట్టినప్పుడు, చదువుకున్న మేనకోడలు “మామూజాన్, ఇది ఏ కితాబులో ఉందండీ?” అని అడిగితే, “నన్నే అబద్ధాలకోరు అంటున్నావా?” అని ఆయన నొచ్చుకుంటారు. పిల్లలు అడగటానికి జంకుతారు. తప్పు అలాగే తిరుగుతుంది.

హజ్రత్ ఉమర్ (రజి) కాలంలో జరిగిన సంగతి చూడండి. హజ్రత్ అబూ మూసా అష్అరీ (రజి) ఆయన ఇంటికి వచ్చి మూడుసార్లు అనుమతి కోరి, జవాబు రాకపోవటంతో తిరిగి వెళ్ళిపోయారు. ఎందుకు వెళ్ళిపోయావని అడిగితే, మూడుసార్లు అనుమతి కోరినా లభించకపోతే తిరిగి వెళ్ళాలని దైవప్రవక్త (సల్లం) ఆదేశించారని చెప్పారు. దీనికి సాక్షిని తీసుకురమ్మన్నారు ఉమర్ (రజి). అన్సార్‌ల సమావేశానికి వెళ్ళి అబూ మూసా ఈ సంగతి చెప్పగా, వారిలో చిన్నవాడైన అబూ సయీద్ ఖుద్రీ (రజి) వచ్చి సాక్ష్యమిచ్చారు. ఈ సంఘటన బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉంది. ఎంత గొప్ప సహాబీని అడిగారు! ఎంత చిన్నవాని సాక్ష్యంతో తృప్తిపడ్డారు! ఆధారం అడగటం మనిషిని అనుమానించటం కాదు, మాటను గౌరవించటం. అడిగే పిల్లలు మర్యాదగా అడగాలి. పెద్దలు నొచ్చుకోకుండా జవాబివ్వాలి, తెలియకపోతే తెలియదనాలి.

యంత్రం చెప్పిన మాట

2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చిన తర్వాత పరిస్థితి మరింత క్లిష్టమయింది. ఇప్పుడు యంత్రాలు కూడా రాస్తున్నాయి. పండితుని గొంతును అనుకరిస్తున్నాయి, లేని దృశ్యాన్ని వీడియోగా చూపిస్తున్నాయి, ఒక్కోసారి లేని హదీసుకు గ్రంథం పేరు, సంఖ్య కూడా జతచేస్తున్నాయి. కళ్ళారా చూశానన్న మాటకే ఇప్పుడు అర్థం మారిపోయింది. యంత్రానికి అదాలత్ ఉండదు, అది షరీఅత్ ఆదేశాలకు బద్ధురాలు కాదు, దానికి పరలోక విచారణ లేదు. కాబట్టి అది చెప్పినదాన్ని పంచే మనిషి ఒక్కడే అక్కడ మిగులుతాడు. ఇక జవాబు చెప్పవలసింది అతనే. యంత్రం మీద నెపం వేసే అవకాశం కూడా లేదు.

పాటించవలసినవి

వాట్సాప్ 2018 జూలైలో మన దేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి ఐదుకు మించి పంపకుండా హద్దు పెట్టింది. 2020 ఏప్రిల్‌లో, అప్పటికే ఎన్నో చేతులు మారిన సందేశాన్ని ఒకసారికి ఒక్కరికే పంపేలా చేసింది. ఇవి మంచి చర్యలే. కాని యంత్రం పెట్టే హద్దు వేలిని ఆపుతుంది, మనసును ఆపదు. మనసును ఆపేది తఖ్వా ఒక్కటే. పంపే ముందు మనల్ని మనం ప్రశ్నించుకుందాం.

మొదటిది, ఇది నాకు తెలుసా, లేక నాకు వచ్చిందా? తెలియనిదాని వెంట పడవద్దనీ, చెవి, కన్ను, హృదయం అన్నిటి గురించీ విచారణ జరుగుతుందనీ బనీ ఇస్రాయీల్ సూరా హెచ్చరిస్తోంది. రెండోది, దీన్ని మొదట చెప్పినది ఎవరు? పేరు లేకపోతే అక్కడే ఆపాలి. ధర్మ విషయమైతే ఆలిమ్‌ను, వైద్య విషయమైతే వైద్యుణ్ణి, ఊరి గొడవ అయితే పోలీసులను అడగాలి. మూడోది, నిజమే అయినా దీన్ని చెప్పవచ్చా? ఒక సోదరునిలో నిజంగా ఉన్న లోపాన్ని అతని చాటున చెప్పటం గీబత్, లేనిదాన్ని అంటగట్టటం బుహ్తాన్ అని దైవప్రవక్త (సల్లం) వివరించారు. ఎవరి ఇంటి ఆడపిల్లదో ఒక ఫోటో నిజమైనదే కావచ్చు. అది నిజం కావటం వల్ల పంచటం హలాల్ అయిపోదు.

నాలుగోది, తప్పు జరిగిపోతే ఏం చేయాలి? మౌనంగా తుడిచివేస్తే చాలదు. బఖరా సూరాలో సత్యాన్ని దాచినవారి గురించి చెబుతూ, తౌబా చేసి, తమను సంస్కరించుకుని, విషయాన్ని స్పష్టంగా వెల్లడించినవారికి అల్లాహ్ క్షమాపణ ఉందని ఉంది. అంటే తప్పు ఎంత దూరం వెళ్ళిందో దిద్దుబాటు కూడా అంత దూరం వెళ్ళాలి.

ఈ విషయంలో హజ్రత్ ఉమర్ (రజి) చూపిన మార్గం మనకు ఆదర్శం. దైవప్రవక్త (సల్లం) తమ సతీమణులకు విడాకులిచ్చారన్న పుకారు ఒకసారి మదీనాలో పుట్టింది. ఉమర్ (రజి) మస్జిదుకు వచ్చి చూస్తే జనం దిగులుగా గులకరాళ్ళను నేలకేసి కొడుతూ అదే మాట అనుకుంటున్నారు. ఆయన వారితో కలిసి కూర్చుని దుఃఖించలేదు, మరో నలుగురికి చెప్పలేదు. దైవప్రవక్త (సల్లం) ఉన్న మేడగదికి వెళ్ళి, అనుమతి కోరి, స్వయంగా ఆయననే అడిగారు. లేదన్న జవాబు వచ్చింది. అప్పుడు ఉమర్ (రజి) అక్కడితో ఊరుకోలేదు. ఈ విషయం జనానికి చెప్పవచ్చా అని ప్రవక్త (సల్లం) అనుమతి కోరి, మస్జిదు ద్వారం వద్ద నిలబడి, ఆయన విడాకులు ఇవ్వలేదని బిగ్గరగా ప్రకటించారు. శాంతికి లేక భయానికి సంబంధించిన వార్త రాగానే చాటేసేవారిని మందలిస్తూ, దాన్ని ప్రవక్తకు, బాధ్యులకు చేర్చి ఉంటే బాగుండేదని చెప్పే నిసా సూరా ఆయతు ఈ సందర్భంలోనే అవతరించిందని సహీహ్ ముస్లింలో ఉంది.

మూలం వద్దకు వెళ్ళటం, అడగటం, పుకారు పుట్టిన చోటనే సత్యాన్ని చాటటం - ఈ మూడూ మన ఇళ్ళలో అలవాటైతే, జేబులోని ఈ ముద్రణాలయం మనకు సదఖయె జారియా అవుతుంది. కాకపోతే మనం నిద్రపోతున్నప్పుడు కూడా, చివరికి మనం సమాధి చేరిన తర్వాత కూడా మన పేరిట పాపాన్ని అచ్చు వేస్తూనే ఉంటుంది.

అల్లాహ్ మన నాలుకలను, మన వేళ్ళను అసత్యం నుంచి కాపాడుగాక! మనం చేరవేసే ప్రతి మాటనూ రేపు ఆయన సన్నిధిలో చదివి వినిపించటానికి సిగ్గుపడనివారిగా మనల్ని తీర్చిదిద్దుగాక! ఆమీన్.